ఇసబెల్ కెర్, డిచ్‌పల్లి దవాఖాన

ఇసబెల్ కెర్ (1875–1932) నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల కోసం విక్టోరియా ఆసుపత్రిని నెలకొల్పిన స్కాట్లండు వైద్యురాలు. వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున 1907లో భర్త జార్జి కెర్‌తో కలిసి హైదరాబాద్ సంస్థానానికి వచ్చింది. చనిపోయేదాకా, అంటే పాతికేళ్లు, ఆమె పని నిజామాబాద్ ప్రాంతంతోనే ముడిపడింది. 1923లో బ్రిటిష్ ప్రభుత్వం భార్యాభర్తలిద్దరికీ కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది.

కుష్ఠు వైద్య చరిత్రలో డిచ్‌పల్లి పేరు పతకాల వల్ల నిలవలేదు. అప్పటికి దేశంలో కుష్ఠురోగులకు ఉన్నవి చాలావరకు ఆశ్రమాలే. రోగి అక్కడికి వెళ్లేది బతుకు వెళ్లదీసుకోవడానికి. కెర్ దంపతులు కట్టించినది ఆసుపత్రి. అక్కడికి వచ్చినవాడు మందు వాడాలి, కుదిరితే నయమై ఇంటికి తిరిగి వెళ్లాలి. ఆ ఊహ ఆ కాలానికి ఎంత కొత్తదో తెలియాలంటే ముందు ఆ జబ్బుకు జనంలో ఉన్న పేరు నుంచి మొదలుపెట్టాలి.

పెద్దరోగం

మశూచిని అమ్మవారు అన్నట్టే, కుష్ఠును అసలు పేరుతో పిలవడానికి జంకి తెలుగువాళ్లు పెద్దరోగం అన్నారు. కొందరు మహారోగం అన్నారు. ఏ జన్మలోనో చేసిన పాపం అన్నారు, పామును చంపిన దోషం అన్నారు. కృష్ణుడి కొడుకు సాంబుడికి శాపం వల్ల కుష్ఠు సోకిందని, సూర్యుణ్ణి ఆరాధించి బాగుపడ్డాడని పురాణ కథ. అందుకే ఆదివారం ఉపవాసాలు, సూర్యనారాయణుడికి మొక్కులు. ఎదుటివాడు సర్వనాశనం కావాలని కోరుకునేవాళ్ల నోట ఈ జబ్బు పేరే తిట్టుగా వచ్చేది.

జబ్బు అసలు స్వభావం వేరు. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ దీని సూక్ష్మజీవిని గుర్తించాడు. మనిషికి జబ్బు తెచ్చే సూక్ష్మజీవుల్లో తొలినాళ్లలో బయటపడిన వాటిలో ఇదొకటి. క్షయ క్రిమికి ఇది దగ్గరి చుట్టం. చాలా మెల్లగా పెరుగుతుంది, ఒకటి రెండు కావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. అందుకే సోకిన చాలా ఏళ్లకు గాని మచ్చ బయటపడదు. నూటికి తొంభై మందికి పైగా మనుషుల్లో దీన్ని తట్టుకునే శక్తి సహజంగానే ఉంటుంది. జనం భయపడినంత సులువుగా అంటుకునే జబ్బు కాదు.

ఈ క్రిమి చల్లని చోట్లు వెతుక్కుంటుంది. చర్మం, ముక్కు, చర్మానికి దగ్గరగా నడిచే నరాలు దానికి ఇష్టం. మోచేతి వెనక, ఎముక పక్కన తడిమితే దొరికే నరం తాడులా ఉబ్బుతుంది. ఆ తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు వంగిపోతాయి. వేళ్లను జబ్బు తినేస్తుందని జనం నమ్మకం. నిజానికి జబ్బు తినేది నొప్పిని. నొప్పి తెలియని ఆడమనిషి పొయ్యి మీది కుండను మసిగుడ్డ లేకుండా దించుతుంది, బొబ్బ ఎక్కినా తెలియదు. చెరకు నరికేవాడి మడమలో తుమ్మముల్లు దిగి, విరిగి, చీము పట్టి, ఎముక దాకా పోయినా వాడు నడుస్తూనే ఉంటాడు. వేళ్లు పోయేది ఈ కాలిన గాయాలతో, కుళ్లిన పుళ్లతో.

బ్రిటిష్ ఇండియాలో 1898లో కుష్ఠురోగుల చట్టం వచ్చింది. బిచ్చమెత్తుకుని తిరిగే రోగులను పట్టుకుని ఆశ్రమాల్లో ఉంచే అధికారం అధికారులకు ఇచ్చిన చట్టం అది. జనం కళ్లకు రోగి కనబడకూడదన్నదే అందులోని ధోరణి. వైద్యం అందులో ముఖ్యం కాదు, ఎందుకంటే అప్పటికి చేయడానికి వైద్యం అంటూ గట్టిగా ఏమీ లేదు. 1874లో పుట్టిన మిషన్ టు లెపర్స్ వంటి సంస్థలు కూడా మొదట్లో తిండి, గుడ్డ, నీడ ఇవ్వడానికే పూనుకున్నాయి. తెలుగునాట సాలూరు, రామచంద్రపురం వంటి చోట్ల కుష్ఠురోగుల శరణాలయాలను, ఆసుపత్రులను నడిపినవీ క్రైస్తవ మిషన్లే.

స్కాట్లండు నుంచి ఇందూరు దాకా

ఇసబెల్ గన్ 1875 మే 30న స్కాట్లండు ఉత్తరాన, ఇన్వర్‌నెస్ ప్రాంతంలోని గోలన్‌ఫీల్డులో రైతు కుటుంబంలో పుట్టింది. అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1903లో పట్టా పుచ్చుకుంది. ఆ విశ్వవిద్యాలయం ఆడవాళ్లకు వైద్య పట్టాలు ఇవ్వడం మొదలుపెట్టి అప్పటికి కొన్నేళ్లే. పాదిరి జార్జి మెగ్లాషన్ కెర్‌ను పెళ్లాడింది. 1907లో హైదరాబాద్ సంస్థానానికి వచ్చేనాటికి ఆమెకు ముప్ఫై రెండేళ్లు.

హైదరాబాద్‌కు ఆడడాక్టరు కొత్తేమీ కాదు. క్లోరోఫాం మీద జరిగిన పరీక్షలతో ప్రపంచానికి తెలిసిన హైదరాబాద్ వైద్య పాఠశాలలో 1880లలోనే రూపాబాయి ఫర్దూన్‌జీ చదివింది. మత్తుమందు ఇచ్చే వైద్యంలో ప్రపంచంలోనే తొలి మహిళల్లో ఒకరిగా పేరు తెచ్చుకుంది. కోస్తాలో గుంటూరులో అమెరికా లూథరన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ 1880ల నుంచే పనిచేస్తోంది. అయితే ఈ వైద్యమంతా పట్నాలకు చేరినంతగా నిజామాబాద్ పల్లెలకు చేరలేదు.

నిజామాబాద్‌కు పాత పేరు ఇందూరు. హైదరాబాద్ నుంచి మన్మాడ్ వెళ్లే రైలు దారి ఊరి మీదుగా వచ్చాకే అది పట్నంగా పెరిగింది. ఉత్తర తెలంగాణలో వెస్లియన్ మిషన్ పని అప్పటికే వేళ్లూనుకుంది. చార్లెస్ పోస్నెట్ మెదక్‌లో కట్టించిన పెద్ద చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయింది. కెర్ దంపతులు అదే మిషన్ మనుషులు. మతప్రచారం వాళ్ల ఉద్దేశాల్లో ఒకటన్న సంగతి దాచాల్సిన పని లేదు, వాళ్లూ దాచలేదు. ఆమె దగ్గరకు వచ్చే రోగికి మాత్రం ముందు కావలసింది పుండు కడిగేవాళ్లు.

జ్వరాలు, కాన్పులు, గాయాలు చూస్తున్న డాక్టరుకు కుష్ఠురోగులు తరచు తగులుతూ వచ్చారు. వాళ్లను పంపడానికి ఆ చుట్టుపక్కల చోటే లేదు. మామూలు ఆసుపత్రిలో చేర్చుకుంటే మిగతా రోగులు లేచి వెళ్లిపోతారు. 1911 నాటికి ఇసబెల్ నిజామాబాద్‌లో మిషన్ ఆవరణలోనే కుష్ఠురోగులకు ఒక చిన్న ఆశ్రయం ఏర్పాటు చేసింది. కొద్ది కాలానికే అది నిండిపోయింది. ఊరి మధ్య ఇంకా పెంచడానికి వీల్లేదు. వేరే నేల కావాలి, అంతకన్నా ముందు డబ్బు కావాలి.

నర్సాగౌడ్ ఇచ్చిన సొమ్ము

ఆ డబ్బు నిజామాబాద్ నుంచే వచ్చింది. రాజా నర్సాగౌడ్ అనే స్థానిక హిందూ దాత ఆసుపత్రి కట్టడానికి పెద్ద విరాళం ఇచ్చాడు. దాంతో 1915లో పట్నానికి దాదాపు పదిహేను కిలోమీటర్ల దూరంలో, రైలు దారి మీదున్న డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి మొదలైంది.

ఈ సంగతిని చాలామంది ఒక్క వాక్యంలో చెప్పేసి ముందుకు వెళ్తారు. కాసేపు ఆగాల్సిన చోటు ఇది. గుడి కట్టిస్తే పుణ్యం, చెరువు తవ్విస్తే పుణ్యం, సత్రం వేస్తే నలుగురిలో పేరు. కుష్ఠురోగుల కోసం, అందులోనూ వేరే మతం వాళ్లు నడిపే ఆసుపత్రికి సొమ్ము పెట్టడానికి పాత లెక్కల్లో పద్దు లేదు. నర్సాగౌడ్ ఇచ్చాడంటే పట్నంలో మిగతా పెద్దలూ ఆ దవాఖానను మరో కంటితో చూడక తప్పదు. విదేశీ మిషన్ కథగా చెప్పుకునే డిచ్‌పల్లి చరిత్రలో తొలి ఇటుక ఇందూరు సొమ్ముతోనే పడింది. ఇసబెల్ పేరు తలచుకున్న ప్రతిసారీ నర్సాగౌడ్ పేరు కూడా తలచుకోవడం న్యాయం.

డిచ్‌పల్లి అంటే అప్పటికీ ఇప్పటికీ చరిత్ర ప్రియులకు గుర్తొచ్చేది గుట్ట మీది రామాలయం. దాని శిల్పాలను చూసి ఇందూరు ఖజురహో అంటారు. చుట్టూ రాతి నేల, బండలు, తుమ్మ చెట్లు. ఊళ్లకు కొంత ఎడంగా, రైలుకు దగ్గరగా ఉన్న చోటు దొరకడం కుష్ఠు ఆసుపత్రికి రెండు విధాల మేలైంది. చుట్టుపక్కల వాళ్లు అభ్యంతరం పెట్టే అవకాశం తక్కువ. దూరం నుంచి వచ్చే రోగికి రైలు దిగాక నడిచే దూరమూ తక్కువ. కట్టడాలు, లెక్కలు, విరాళాల ఉత్తరాలు ఎక్కువగా జార్జి చూసుకునేవాడు. వైద్యం ఇసబెల్ది. ఇద్దరిలో ఎవరి పని ఎక్కడ ఆగి ఎవరిది ఎక్కడ మొదలయ్యేదో విడదీయడం కష్టం, పతకం ఇచ్చినవాళ్లు కూడా విడదీయలేదు.

నిరడి నూనె

ఆసుపత్రి అన్నాక మందు ఉండాలి. 1915లో ఉన్న మందు ఒక నూనె.

అడవి చెట్ల గింజల నుంచి తీసే ఆ నూనెను ఉత్తరాదిలో చాల్‌ముగ్ర అంటారు. పడమటి కనుమల్లో పెరిగే దాని చుట్టం చెట్టుకు తెలుగులో నిరడి అని పేరు, కొందరు అడవి బాదం అంటారు. సుశ్రుత సంహితలో తువరకం పేరుతో కుష్ఠు చికిత్సకు చెప్పింది ఈ జాతి నూనెనే. తాగిస్తే కడుపులో తిప్పేది, వాంతయ్యేది. నెలల తరబడి తాగగలిగినవాళ్లు అరుదు. వైద్యులు దాన్ని సూదిమందుగా మార్చడానికి నానా తంటాలు పడ్డారు. హవాయిలో ఆలిస్ బాల్ అనే నల్లజాతి యువ రసాయన శాస్త్రవేత్త 1915 ప్రాంతంలో ఆ నూనెలోని ఆమ్లాలను సూదితో ఎక్కించగలిగే రూపానికి తెచ్చింది. ఇరవై నాలుగేళ్లకే చనిపోయింది, ఆమె కష్టం చాలా కాలం ఇంకొకరి పేరు మీద చలామణీ అయింది. కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ ఇదే నూనె లవణాలతో ప్రయోగాలు చేశాడు. ఆయన పూనికతో 1920 ప్రాంతంలో మొదలైన ఉష్ణమండల వైద్య పాఠశాలలో ఎర్నెస్ట్ మ్యూర్ ఈ చికిత్సను దేశమంతటికీ పనికొచ్చేటట్టు సరళం చేశాడు. దూరదేశం గింజలు అక్కర్లేదు, మన కనుమల్లో దొరికే నిరడి గింజల నూనే పనిచేస్తుందని మ్యూర్ చెప్పాడు.

డిచ్‌పల్లి ఈ కొత్త పద్ధతిని అందిపుచ్చుకుంది. ఆసుపత్రి పేరు దూరదూరాలకు పాకడానికి, తమంతట తాము రోగులు రావడానికి ఈ సూదిమందే కారణం. అంతకుముందు కుష్ఠురోగి ఆశ్రమానికి చేరేది వేళ్లు పోయి, ముక్కు కుంగి, ఇంట్లోంచి గెంటేశాక. సూది ఉందని తెలిశాక ఒకటి రెండు మచ్చలున్నవాళ్లు, ఇంకా పని చేసుకుంటున్నవాళ్లు, ఇంటి నుంచే వచ్చేవాళ్లు మొదలయ్యారు.

ఆ చికిత్స ఎలా ఉండేదో కొంచెం దగ్గరగా చూడాలి. ముందు పరీక్ష. రోగిని కళ్లు మూసుకోమని ఈకతోనో దూది పోగుతోనో మచ్చను తాకుతారు. ఎక్కడ తాకామో వేలుతో చూపమంటారు. మచ్చ చుట్టూ చూపినవాడు మచ్చ మీద తాకితే ఊరుకుంటాడు. తర్వాత సూది మొనతో గుచ్చుతారు. మోచేతి నరం, మోకాలి పక్క నరం తడిమి చూస్తారు. చెవి తమ్మె దగ్గరో మచ్చ అంచునో చర్మాన్ని వేళ్లతో నొక్కి పట్టి, నెత్తురు రాకుండా చిన్న గాటు పెట్టి, లోపలి తేమను గీకి గాజు పలక మీద పూస్తారు. రంగు వేసి సూక్ష్మదర్శిని కింద పెడితే నీలి నేల మీద ఎర్రటి పుల్లల కట్టల్లా క్రిమి కనబడుతుంది.

ఇక నూనె. చిక్కగా ఉండే దాన్ని వెచ్చజేసి, లావు సూదితో ఎక్కించాలి. వారానికి రెండుసార్లు. కండలోకో చర్మం కిందో ఎక్కిస్తారు, మచ్చలున్న చోట చర్మంలోకే చుక్కచుక్కగా పదుల పోట్లు పొడుస్తారు. ఎక్కించిన చోట గడ్డ కడుతుంది, కొన్నిసార్లు చీము పడుతుంది, జ్వరం వస్తుంది. ఇలా నెలలు, చాలామందికి ఏళ్లు. అంత బాధను ఓర్చి మళ్లీ మంగళవారమో శుక్రవారమో అదే వరుసలో నిలబడే మనుషులు అక్కడ వందల్లో ఉండేవారంటే, ఇంటికి తిరిగి వెళ్లవచ్చన్న ఆశకు ఎంత బలం ఉందో ఊహించుకోవచ్చు.

మందుతో సమానంగా పనికీ విలువ ఇచ్చారు. మ్యూర్ బోధన కూడా అదే. కడుపునిండా తిండి, వ్యాయామం, పక్క జబ్బులకు వైద్యం, వీటి మీదే నూనె పని చేస్తుందని ఆయన పదేపదే చెప్పేవాడు. కొంకిపురుగులు, మలేరియా ఉన్నవాడికి ముందు వాటిని కుదిర్చాలి. రోగులు పొలం పని చేశారు, చెట్లు పెంచారు, కట్టడాల్లో చేయి వేశారు. ఊరు వెలివేసిన మనిషి ఇంకొక ఊరు కట్టుకోవడం లాంటిది ఇది.

ఇంతమంది రోగులకు ఒక్క డాక్టరు చేతులు చాలవు. పుళ్లు కడిగి కట్టు కట్టినవాళ్లు, సూదులు మరిగించినవాళ్లు, దుబాసీగా డాక్టరమ్మ మాటను రోగికీ రోగి మాటను డాక్టరమ్మకూ చేరవేసినవాళ్లు, కంపౌండర్లు, వంటవాళ్లు దాదాపు అందరూ తెలుగువాళ్లే అయి ఉండాలి. అలాంటివాళ్ల పేర్లు చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కడం అరుదు. ఆ రోజుల్లో కుష్ఠు ఆసుపత్రిలో పనిచేసేవాడికి పిల్లనివ్వడానికి కూడా జనం వెనకాడేవారు. ఊరు దాటి అంత దూరం వచ్చిన డాక్టరుకు ఉన్న గౌరవం వాళ్లకు లేదు, పని మాత్రం అదే.

డిచ్‌పల్లి నుంచి నైజీరియా దాకా

డిచ్‌పల్లిలో పనిచేసిన వైద్యుల్లో వైద్యశాస్త్రం బాగా గుర్తుపెట్టుకున్న పేరు జాన్ లోవ్. మెథడిస్టు మిషన్ వైద్యుడుగా ఆయన డిచ్‌పల్లిలో కుష్ఠును చదివాడు. రోగులను చూస్తూనే జబ్బు తీరుతెన్నుల మీద వ్యాసాలు రాశాడు. అక్కణ్నుంచి కలకత్తా ఉష్ణమండల వైద్య పాఠశాలకు వెళ్లి, ధర్మేంద్ర వంటి భారతీయ కుష్ఠు శాస్త్రజ్ఞులతో కలిసి పరిశోధన చేశాడు. ఆ తర్వాత నైజీరియాలోని ఉజువకోలి చేరాడు.

1941లో అమెరికాలో కార్‌విల్ ఆసుపత్రిలో సల్ఫోన్ జాతి మందు కుష్ఠు మీద పనిచేస్తుందని తేలింది. కానీ అది రక్తనాళంలోకి ఎక్కించాల్సినది, ఖరీదైనది. అదే జాతి మూలపదార్థం డాప్సోన్ చవక, అయితే విషమని వైద్యులు భయపడేవారు. కొద్ది మోతాదులో నోటి ద్వారా ఇస్తే అది సురక్షితమని, పనిచేస్తుందని 1940ల చివర ఉజువకోలిలో నిరూపించినవాడు లోవ్. పైసల ఖర్చుతో మాత్రగా మింగగల మందు అలా వచ్చింది. భారతదేశంలో చెంగల్పట్టులో రాబర్ట్ కాక్రేన్ ఇదే మందును సూది రూపంలో వాడి చూశాడు. లావు సూదుల కాలం ముగిసింది. డిచ్‌పల్లి వరుసల్లో చేయి చాచి నిలబడిన రోగులు నేర్పిన పాఠాలు లోవ్ చేతుల్లోంచి ఆఫ్రికాకు వెళ్లి, మాత్రగా మారి ప్రపంచానికి తిరిగొచ్చాయంటే అతిశయోక్తి కొంతే.

విలువ కట్టడం

నిర్మొహమాటంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఇసబెల్ కెర్ జీవితమంతా వాడిన నూనె అంత గొప్ప మందు కాదు. తర్వాతి కాలపు పరిశీలనల్లో దాని ప్రభావం తేలిపోయింది, సల్ఫోన్లు రాగానే అది మూలపడింది. కుష్ఠులో ఒక రకం, మచ్చలు కొద్దిగానే ఉండి క్రిమి దాదాపు కనబడనిది, చాలామందిలో దానంతట అదే మానిపోతుంది. నూనె ఖాతాలో పడిన నయాల్లో కొన్ని అసలు ఒంటివే అయి ఉంటాయి. ముదిరిన జబ్బులో నూనె చేసింది దాని గురించి చెప్పుకున్న దాని కన్నా తక్కువే. ఆ కాలపు మిషన్ ప్రచార సాహిత్యంలో కనిపించే ఉత్సాహాన్ని ఈ సంగతి తెలిసి చదవాలి.

మందు బలహీనమైతే పని వృథా అయినట్టేనా? ఈ వ్యాస రచయిత అలా అనుకోడు. నూనె ఇచ్చిన ఆశ రోగిని తొలిదశలోనే దవాఖాన గడప ఎక్కించింది. చేర్చుకున్న ప్రతివాడి మచ్చలను గీసి, లెక్కరాసి, నెలనెలా పోల్చి చూసే అలవాటు దాంతో వచ్చింది. కట్టు, కాలి సంరక్షణ, తిండి, పని, పక్క జబ్బుల వైద్యం, అన్నిటినీ మించి నయమైనవాణ్ని ఇంటికి పంపేసే పద్ధతి నూనెతో పాటు వచ్చాయి. నూనె పోయి మాత్ర వచ్చినప్పుడు ఆ అలవాట్లన్నీ అక్కడే, వాడకంలోనే ఉన్నాయి. గోడల మధ్య తిండి పెట్టే ఆశ్రమానికి డాప్సోన్ ఇచ్చినా దాన్ని దవాఖానగా మార్చడానికి ఇంకో తరం పట్టేది.

మరో లోటు కూడా చెప్పాలి. ఆ కాలపు కుష్ఠు సంస్థలు చాలాచోట్ల ఆడవాళ్లను మగవాళ్లను వేరు చేసేవి, పుట్టిన పిల్లలను తల్లుల నుంచి తీసేసి వేరే గూళ్లలో పెంచేవి. క్రిమికి భయపడి చేసిన ఈ ఏర్పాట్లు రోగుల మీద మరో గాయం. జబ్బును పాపం అన్న ఊరి మాటకు, జబ్బును దయ చూపే సందర్భంగా చూసిన దొరల మాటకు మధ్య రోగి తన మాట చెప్పుకోగలిగింది తక్కువ.

చెరకు సీమ పెరిగిన రోజులు

ఇసబెల్ కళ్ల ముందే ఈ జిల్లా ముఖం మారింది. మంజీర మీద 1923లో మొదలైన నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాలువ నీళ్లు వచ్చాక బోధన్ చుట్టూ జొన్న చేలు చెరకు తోటలయ్యాయి. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పడింది. చెరకు నరకడానికి, బండ్లు తోలడానికి, ఫ్యాక్టరీ గేటు దగ్గర పనికి నలుమూలల నుంచి మనుషులు వచ్చారు. ఫ్యాక్టరీని ఆమె చూడలేదు. 1932లో ఆమె డిచ్‌పల్లిలోనే చనిపోయింది, అప్పటికి యాభై ఏడేళ్లు కూడా నిండలేదు.

కూలి చేసి బతికే ఈ సీమలో స్పర్శ పోయిన చేతికి ఉన్న ప్రమాదం మామూలు కాదు. చెరకు ఆకు అంచు కత్తిలా కోస్తుంది. కొడవలి పిడి రోజంతా అరచేతిని రాస్తుంది. బెల్లం వండే గానుగ దగ్గర పెనం అంచు తగిలితే చురుక్కుమనాలి. చురుక్కుమననివాడు పనిలో అందరికన్నా గట్టివాడుగా కనబడతాడు, కొన్నాళ్లకు పనికే రాకుండా పోతాడు. డిచ్‌పల్లి వైద్యం కూలివాడి చేతులను కాపాడే వైద్యం. వెల్లూరులో 1940ల చివర పాల్ బ్రాండ్ వంగిన వేళ్లను శస్త్రచికిత్సతో సరిచేయడం మొదలుపెట్టాక ఆ చేతులకు ఇంకో దారి దొరికింది.

 

జబ్బు తర్వాతి కథ

గాంధీ తన నిర్మాణ కార్యక్రమంలో కుష్ఠురోగుల సేవను చేర్చాడు. సేవాగ్రామంలో కుష్ఠు సోకిన సంస్కృత పండితుడు పర్చురే శాస్త్రికి స్వయంగా ఒళ్లు మర్దన చేశాడు. గాంధీ వర్ధంతి జనవరి 30 ఇప్పుడు దేశంలో కుష్ఠు వ్యతిరేక దినం. స్వతంత్ర భారతం 1955లో జాతీయ కుష్ఠు నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. డాప్సోన్ ఒక్కటే ఇస్తుంటే క్రిమి దానికి లొంగడం మానేసింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, డాప్సోన్ కలిపి ఇవ్వమంది. 1983 నుంచి మన దేశంలోనూ అదే పద్ధతి. 2005 డిసెంబరులో పదివేల మందికి ఒకరి కన్నా తక్కువకు రోగుల లెక్క దిగిందని ప్రభుత్వం ప్రకటించింది.

చాలామంది దాన్ని జబ్బు పోయిందని అర్థం చేసుకున్నారు. పోలేదు. దేశంలో ఏటా ఇంకా లక్ష దాకా కొత్త కేసులు బయటపడుతున్నాయి, ప్రపంచంలోని కొత్త రోగుల్లో సగానికి పైగా మనవాళ్లే. 1898 నాటి కుష్ఠురోగుల చట్టం రద్దయింది 2016లో. భర్తకో భార్యకో కుష్ఠు ఉందని విడాకులు ఇచ్చే వీలును చట్టాల్లోంచి తీసేసింది 2019లో. డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ మొదలుపెట్టిన పనితో పోల్చి చూస్తే చట్టం నూరేళ్లకు పైగా వెనకబడింది.

చర్మం మీద రంగు తగ్గిన మచ్చ, దాని మీద చన్నీళ్లకు వేన్నీళ్లకు తేడా తెలియకపోవడం, చిటికెన వేలిలో తిమ్మిరి, చేతిలోంచి గ్లాసు జారిపోవడం, ఇవి కనబడితే దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి, లేదా మీ ఊరి ఆశా కార్యకర్తకు చెప్పండి. మందు ఉచితం. మచ్చలు కొద్దిగా ఉంటే ఆరు నెలలు, ఎక్కువగా ఉంటే పన్నెండు నెలలు వాడాలి. వాడడం మొదలుపెట్టిన కొద్ది రోజులకే రోగి నుంచి ఇంకొకరికి అంటుకునే ప్రమాదం పోతుంది. ఇల్లు విడిచి ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు.